నికోలా అంగీకి అంటిన బురద: రష్యా శ్రామికుల పునీతులు, పండుగలు

సభకు వచ్చిన పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

అప్పటి పాత క్యాలెండరు ప్రకారం 1885 జనవరి 7 దగ్గర మొదలుపెడతాను. మాస్కోకు తూర్పున దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, ఒరేహొవో-జూయెవోలో, మొరోజోవ్ కుటుంబానికి పెద్ద బట్టల మిల్లు ఉండేది. అంతకు ముందు రెండు మూడేళ్ళలో యాజమాన్యం కూలి రేట్లు ఐదుసార్లు తగ్గించింది. బట్ట సరిగా రాకపోతే జరిమానా, ఆలస్యంగా వస్తే జరిమానా. చేతికొచ్చే కూలిలో నాలుగో వంతు, కొందరికి అంతకన్నా ఎక్కువే, ఈ జరిమానాలకు పోయేది. జనం పళ్ళ బిగువున భరిస్తూ వచ్చారు. క్రిస్మస్ వెళ్ళింది, జనవరి 6న ప్రభువు బాప్తిస్మ పండుగ వెళ్ళింది. ఆ మర్నాడు, 7న, బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ. ఆ ఏడాది యాజమాన్యం దాన్ని పనిరోజుగా ప్రకటించింది. ఆ పొద్దున నేత కార్మికులు పని ఆపి బయటికి వచ్చేశారు.

దాదాపు 8,000 మంది సమ్మెలోకి దిగారు. ప్యోత్ర్ మొయిసేయెంకో, వసీలీ వోల్కోవ్ అనే ఇద్దరు నేతగాళ్ళు ముందు నిలిచారు. సైన్యం వచ్చింది, అరెస్టులు జరిగాయి. మరుసటి ఏడు వ్లదీమిర్ పట్టణంలో విచారణ జరిగితే జ్యూరీ ముందు 101 ప్రశ్నలు పెట్టారు, అన్నిటికీ నేరం లేదనే జవాబు వచ్చింది. 1886 జూన్‌లో జరిమానాలకు హద్దు పెడుతూ, ఆ డబ్బు యజమాని జేబులోకి పోకుండా ఒక చట్టం వచ్చింది.

కార్మికోద్యమ చరిత్రలు చదివిన వాళ్ళకు ఈ సమ్మె తెలిసే ఉంటుంది. అసలు కారణం కూలి కోత, జరిమానాలు. అందులో సందేహం లేదు. యోహాను పండుగ సంగతి ఆ చరిత్రల్లో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. నన్ను ఆపేసింది మాత్రం ఆ వాక్యమే. కూలిలో కోత పెడితే రెండు మూడేళ్ళు ఓర్చుకున్నవాళ్ళు, పండుగలో కోత పెడితే ఒక్క పూట కూడా ఎందుకు ఓర్చుకోలేదు? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే మిల్లు దాటి పల్లెకు పోతాం, పల్లెలో పునీతుల దగ్గరికి పోతాం.

ముందు ఒక చిన్న వివరం. రష్యా చర్చి ఇప్పటికీ పాత జూలియన్ పంచాంగాన్నే పాటిస్తుంది. 1918లో సోవియట్ ప్రభుత్వం జనవరి 31 తర్వాత నేరుగా ఫిబ్రవరి 14 అని ప్రకటించి దేశాన్ని కొత్త క్యాలెండరులోకి మార్చింది. చర్చి మారలేదు. ఇప్పుడు రెండింటికీ 13 రోజుల తేడా. అందుకే వాళ్ళ క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. మొదట చెప్పిన 1885 నాటి తేదీలు పాత క్యాలెండరువి. ఇక నుంచి పండుగ తేదీలు ఇప్పటి క్యాలెండరు ప్రకారమే చెబుతాను.

ఆ రోజుల్లో మిల్లు కార్మికుడంటే సగం రైతే. ఊరు విడిచి పనికి పోవడానికి కావాల్సిన పాస్‌పోర్టు ఊరి పేరు మీదే ఉండేది. భార్యాపిల్లలు ఊళ్ళోనే. మాస్కో చుట్టుపక్కల మిల్లుల్లో పని ఒప్పందాలు ఈస్టర్ నుంచి పక్రోవ్ పండుగ వరకు, పక్రోవ్ నుంచి మళ్ళీ ఈస్టర్ వరకు నడిచేవి. పక్రోవ్ అంటే మరియమాత తన మేలిముసుగును లోకం మీద కప్పి కాపాడిన పండుగ, అక్టోబరు 14న వస్తుంది. పల్లెలో అది పొలం పనులు ముగిసే రోజు, తొలి మంచు పడే రోజు, పెళ్ళిళ్ళు మొదలయ్యే రోజు. పక్రోవ్ తండ్రీ, నేలను మంచుతో కప్పు, నన్ను పెళ్ళికొడుకుతో కప్పు అని పెళ్ళికాని పిల్లలు మొక్కుకునేవాళ్ళు. ఇంటి పంచాంగం, పొలం పంచాంగం, మిల్లు పంచాంగం మూడూ ఆ పునీతుల పేర్ల మీదే నడిచాయి. తేదీ ఎవరికీ గుర్తుండేది కాదు. నికోలా (సెయింట్ నికోలస్) పండుగకు రెండు రోజుల ముందు, ఇల్యా (ఏలీయా ప్రవక్త) పండుగ తర్వాత వారం అని చెప్పుకునేవాళ్ళు.

ఇక ఆ పునీతులు ఎలాంటివాళ్ళో చూద్దాం. చర్చి గ్రంథాల్లో పునీతుడంటే ప్రార్థన, ఉపవాసం, హతసాక్ష్యం, అంటే విశ్వాసం కోసం ప్రాణమివ్వడం. రైతు చెప్పుకునే కథల్లో పునీతుడికి ఒక పని ఉంటుంది. ఆ పని బాగా చేస్తే గౌరవిస్తారు, చేయకపోతే నిలదీస్తారు. దీనికి నికోలా, కస్యాన్‌ల కథను మించిన సాక్ష్యం నాకు దొరకలేదు.

ఒక రైతు బండి వానకు బురదలో దిగబడిపోయింది. ఆ దారిన ఇద్దరు పునీతులు పరలోకం వైపు వెళ్తున్నారు. ముందు కస్యాన్ వచ్చాడు. అయ్యా, కొంచెం చెయ్యి వేయండి అని రైతు బతిమాలాడు. కస్యాన్ తన తెల్లటి అంగీ వైపు చూసుకుని, దీన్ని బురద చేసుకుని దేవుడి ముందుకు ఎలా వెళ్ళను అని సాగిపోయాడు. వెనక నికోలా వచ్చాడు. అడగడమే ఆలస్యం, బురదలోకి దిగి, చక్రానికి భుజం ఆనించి, బండిని బయటికి తోశాడు. ఇద్దరూ దేవుడి దగ్గరికి చేరారు. నీ అంగీ ఎందుకిలా ఉంది అని దేవుడు నికోలాను అడిగాడు. జరిగింది చెప్పాడు. నువ్వెందుకు సాయపడలేదని కస్యాన్‌ను అడిగితే, మీ ముందుకు మురికి బట్టలతో రాలేక అన్నాడు. దేవుడు తీర్పు చెప్పాడు: నికోలాకు ఏడాదికి రెండు పండుగలు, కస్యాన్‌కు నాలుగేళ్ళకు ఒకటి.

నిజంగానే నికోలాకు రెండు పండుగలున్నాయి, మే 22న ఒకటి, డిసెంబరు 19న ఒకటి. చర్చి చెప్పే కారణం వేరు. డిసెంబరుది ఆయన మరణ దినం. మేలో వచ్చేది, ఆయన అవశేషాలను 1087లో మైరా (ఇప్పటి టర్కీలో ఉంది) నుంచి ఇటలీలోని బారి పట్టణానికి చేర్చినందుకు. కస్యాన్ రోజు పాత పంచాంగంలో ఫిబ్రవరి 29, లీపు ఏడాదిలోనే వస్తుంది. రైతు ఈ రెండు సంగతులనూ చూసి తన లెక్క తాను కట్టుకున్నాడు. పంచాంగంలో ఎవరికి ఎంత చోటో తేల్చేది బురదలో దిగడమే అన్నాడు. అసలు కస్యాన్, అంటే సన్యాసి జీవితం మీద గ్రంథాలు రాసిన యోహాను కాసియన్, చాలా మెతక మనిషి. ఆయనకు ఈ అపకీర్తి అన్యాయమే. అయినా రైతులు ఆయన చూపు పడితే గడ్డి మాడుతుందని, పశువు చస్తుందని, మనిషికి కీడు జరుగుతుందని నమ్మారు. ఆ రోజు కొన్నిచోట్ల మధ్యాహ్నం దాకా పక్క దిగేవాళ్ళు కాదు.

నికోలాను నమ్మినంతగా రష్యా శ్రామికులు మరెవర్నీ నమ్మలేదు. నావికులకు ఆయనే, వడ్రంగులకు ఆయనే, బాటసారులకు ఆయనే. ఉత్తరాన శ్వేతసముద్రం ఒడ్డున పోమోర్లు అనే జనం ఉంటారు. చేపలు, సీలు జంతువుల వేట వాళ్ళ బతుకు. హొల్మగోరి నుంచి కోలా దాకా 33 మంది నికోలాలు అని వాళ్ళ సామెత. ఆ తీరం పొడవునా ఆయన పేరున అన్ని గుళ్ళు ఉన్నాయని చెప్పడం. పడవ మునిగితే మనిషి నిమిషాల్లో గడ్డకట్టుకుపోయే నీళ్ళవి. అక్కడ నికోలాను తలుచుకోకుండా తాడు విప్పిన వాళ్ళు లేరు.

ఇప్పుడు నికోలాకు పూర్తిగా ఎదురు మనిషి. ఏలీయా ప్రవక్త. మన బైబిల్లో ఏలీయా, రష్యన్లకు ఇల్యా. ఆగస్టు 2 ఆయన రోజు. బైబిల్లో అగ్ని రథం మీద ఆకాశానికి వెళ్ళాడు కదా, ఆ రథం చక్రాల చప్పుడే ఉరుము అన్నారు రష్యా రైతులు. పిడుగు ఆయన బాణం. ఆ రోజు కోతకు వెళ్తే, గడ్డివాము వేస్తే, పిడుగు పడి కాలిపోతుంది. ఆ రోజు తర్వాత నదిలో ఈదకూడదు. ఇల్యా గుర్రం లాడం నీళ్ళలో జారిపడిందని, అందుకే నీళ్ళు చల్లబడ్డాయని చెప్పేవాళ్ళు. ఆగస్టు మొదటి వారం దాటితే ఉత్తర రష్యా నదుల్లో నీళ్ళు నిజంగానే చల్లబడతాయి, పిల్లలకు జ్వరాలొస్తాయి. తల్లి చెబితే వినని పిల్లలు ఇల్యా పేరు చెబితే వింటారు.

పండితులు ఇక్కడ ఒక మాట అంటారు. ఉరుముల దేవుడు పెరూన్ క్రైస్తవ మతం రాకముందు వాళ్ళ దేవుడు, 988లో కీవ్ రాజు వ్లదీమిర్ బాప్తిస్మం తీసుకుని పెరూన్ విగ్రహాన్ని నదిలో తోయించాడు, ఆ పెరూనే ఇల్యా వేషంలో తిరిగొచ్చాడు అని. అందులో నిజం ఉంది. కానీ అక్కడితో ఆగిపోతే ఆ నమ్మకాన్ని వెయ్యేళ్ళ పాటు మోసిన మనుషులు కనబడరు. వ్లదీమిర్ ప్రోప్ లాంటి జానపద పండితుడు ఆ పండుగల వేరు పనిలో ఉందని చూపించాడు. నేను ఆయన వైపు. పాత దేవుడి పేరు తెలియని రైతుకు కూడా ఇల్యా ఎందుకు కావాల్సి వచ్చాడు అన్నది అసలు ప్రశ్న.

అలెక్సాందర్ అఫనాస్యెవ్ 19వ శతాబ్దంలో సేకరించిన కథల్లో ఇల్యాకూ నికోలాకూ జరిగిన తగాదా ఒకటి ఉంది. ఆయన ఆ పునీతుల కథలను 1859లో అచ్చువేస్తే సెన్సారు వాళ్ళు నిషేధించారు. కథ వింటే ఎందుకో అర్థమవుతుంది.

ఒక రైతు నికోలా పండుగ ఏనాడూ తప్పేవాడు కాదు. ఇల్యా రోజున మాత్రం పొలంలో పని చేసుకునేవాడు. ఒకరోజు ఇద్దరు పునీతులూ అతని చేను పక్కగా నడుస్తున్నారు. పైరు ఏపుగా ఉంది. నికోలా మురిసిపోయాడు. ఇల్యాకు ఒళ్ళు మండింది. వడగళ్ళు కురిపిస్తా, అప్పుడు నా పండుగ గుర్తొస్తుంది అన్నాడు. నికోలా చల్లగా రైతు దగ్గరికి వెళ్ళి, నీ చేను ఉన్నపళంగా ఇల్యా గుడి ఫాదిరీకి అమ్మెయ్ అన్నాడు. అమ్మేశాడు. వడగళ్ళ వాన పడింది, పైరంతా నేలమట్టం. ఇల్యా గొప్పగా చెప్పుకుంటుంటే, నువ్వు పాడుచేసింది నీ ఫాదిరీ చేను అన్నాడు నికోలా. అయితే రెండింతలు పండేలా చేస్తా అన్నాడు ఇల్యా. నికోలా మళ్ళీ పరుగెత్తి, చేను సగం ధరకు తిరిగి కొనుక్కో అన్నాడు. ఫాదిరీ సంతోషంగా ఇచ్చేశాడు. పైరు లేచి నిలబడింది. మోసపోయానని తెలిసిన ఇల్యా, సరే, కళ్ళంలో ఎన్ని పనలు పరిచి నూర్చినా ఒక్కసారికి ఒక కుంచమే రాలుతుంది అని శపించాడు. నికోలా చెప్పాడు: ఒక్కో పనే పరిచి నూర్చుకో. పనకో కుంచం చొప్పున గాదెలు నిండిపోయాయి. చివరికి నికోలా సలహా మీద రైతు ఇల్యాకు రూబుల్ పెట్టి పెద్ద కొవ్వొత్తి, నికోలాకు ఒక్క కొపెక్కు (రూబుల్లో నూరో వంతు) కొవ్వొత్తి కొన్నాడు. దారిలో ఇల్యా చూసి, పెద్దది ఎవరికి అని అడిగాడు. ఇల్యా తండ్రికి అని చెప్పాక ఆయన కోపం చల్లారింది. అప్పటి నుంచి ఆ రైతు ఇద్దరి పండుగలూ చేసుకున్నాడు.

వింటుంటే నవ్వొస్తుంది. దాని లోపల ఉన్న భయం మాత్రం చిన్నది కాదు. వడగళ్ళకు చేను పోతే ఆ చలికాలం పిల్లలు ఆకలితో చస్తారు. పైరు నిలబెట్టేవాడూ పడగొట్టేవాడూ పైన ఉన్నాడు, వాడి మనసు ఎప్పుడెలా మారుతుందో తెలియదు. అలాంటి చోట తనకోసం దౌత్యం చేసిపెట్టే ఒక మనిషి ఉండాలని రైతు కోరుకున్నాడు. దొరకూ తనకూ మధ్య అలాంటి మనిషి ఏనాడూ దొరకలేదు. కథలోనైనా దొరికాడు. గుడి ఫాదిరీని నష్టపరిచి రైతును బాగుచేసే పునీతుడంటే సెన్సారు వాళ్ళకు నచ్చదు మరి.

పండుగ తప్పితే పిడుగు అన్నప్పుడు ఇంకో సంగతి కూడా జరుగుతోంది, గమనించండి. ఆగస్టు మొదట్లో కోతల ఒత్తిడి. పొద్దు పొడవుగా ఉంటుంది, దొర పొలంలో పని, తన పొలంలో పని. ఆ టెన్షన్‌లో ఒక్క రోజు ఎవరు ఆపగలరు? మనిషి ఆపలేడు. ఇల్యా ఆపగలడు. ఆ రోజు పొలానికి రమ్మంటే, వాము కాలిపోతే మీ ఇష్టం అని కూలివాడు యజమానికి చెప్పగలిగేవాడు. తన అలసట పేరు చెప్పి అడిగితే దొరకని సెలవు పిడుగు పేరు చెబితే దొరికింది. ఈ నమ్మకాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

ఏప్రిల్ 7న మంగళవార్త పండుగ, దేవదూత మరియమాతకు యేసు పుట్టుక కబురు చెప్పిన రోజు. ఆ రోజు పిట్ట గూడు కట్టదు, పిల్ల జడ వేసుకోదు అంటారు. కోకిల ఆ రోజు గూడు కట్టిందని, అందుకే దానికి ఎప్పటికీ సొంత గూడు లేకుండా పోయిందని చెబుతారు. కనుమ నాడు కాకి కూడా కదలదు అని మనవాళ్ళు అనే మాట ఇక్కడ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

పశువుల పునీతుడు యెగోరీ, అంటే సెయింట్ జార్జ్. మే 6న ఆయన వసంత పండుగ. చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవుల్ని ఆ రోజు మొదటిసారి బయటికి తోలుతారు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు గుడిలో దీవించి తెచ్చిన విల్లో కొమ్మతో తోలాలి. కాపరి యెగోరీ పటం, కొవ్వొత్తి, గుడ్డు, తాళంకప్ప పట్టుకుని మంద చుట్టూ తిరిగి, ఆ తాళం వేస్తాడు. తోడేలు నోరు మూతపడాలని. తోడేళ్ళు యెగోరీ కుక్కలని నమ్మకం. తోడేలు పళ్ళ మధ్య ఉన్నది యెగోరీ ఇచ్చిందే అని సామెత. ఉత్తరాది కాపరులైతే అడవిలో ఉండే శక్తితో ఒక ఒప్పందం చేసుకున్నట్టే నడుచుకునేవాళ్ళు. మంద బయట ఉన్నన్నాళ్ళూ బెర్రీలు కోయకూడదు, జుట్టు కత్తిరించకూడదు. ఊరి పశువులన్నీ ఒక్క కాపరి చేతిలో. ఒక్క ఆవు పోతే ఒక ఇల్లు పోయినట్టే. ఆ భారానికి తగ్గట్టే నియమాలు.

యెగోరీకి శరదృతువులో ఇంకో పండుగ ఉంది, యూరీ రోజు (యూరీ కూడా జార్జ్‌కు ఇంకో పేరే). ఇది నమ్మకం దాటి చట్టంలోకి ఎక్కింది. 1497లో మూడో ఇవాన్ తెచ్చిన చట్టసంహిత ప్రకారం ఆ పండుగకు ముందు ఒక వారం, తర్వాత ఒక వారం, ఏడాది మొత్తంలో ఆ రెండు వారాలే, రైతు ఒక దొరను వదిలి ఇంకో దొర దగ్గరికి పోవచ్చు. నివాసపు రుసుము కట్టాలి. నాలుగేళ్ళున్న ఇంటికి మైదాన ప్రాంతంలో ఒక రూబుల్, అడవి ప్రాంతంలో అర రూబుల్. పంట నూర్చుకుని, లెక్కలు తేల్చుకుని, మంచు గట్టిపడ్డాక బండి కట్టుకుని పోయేవాడు. ఏడాదంతా పడ్డ అవమానాలకు అదొక్కటే తలుపు. 16వ శతాబ్దం చివర్లో ఆ తలుపు మూశారు. మొదట కొన్ని ఏళ్ళకు మాత్రమే నిషేధం అన్నారు, 1649 నాటికి రైతు శాశ్వతంగా నేలకు కట్టుబడిపోయాడు. ఇదిగో అమ్మమ్మా, నీ యూరీ రోజు అన్న సామెత అప్పటిది. ఇప్పటికీ ఆశ పెట్టుకున్నది చేజారితే రష్యన్లు ఆ మాటే అంటారు. స్వేచ్ఛ పోయి నాలుగు వందల ఏళ్ళు దాటింది, ఆ నొప్పి ఒక పునీతుడి పండుగ పేరులో ఇంకా నిలిచి ఉంది.

గుర్రాలకూ పండుగ ఉంది. ఆగస్టు 31, ఫ్రోల్, లావ్ర్ అనే అన్నదమ్ముల రోజు. గాథ ప్రకారం వాళ్ళు రాతిపని చేసేవాళ్ళు. వాళ్ళ అవశేషాలు దొరికినప్పుడు పశువుల తెగులు ఆగిపోయిందట. వాళ్ళ పటాల్లో మిఖాయేలు ప్రధానదూత రెండు గుర్రాల కళ్ళేలు పట్టుకుని ఉంటాడు, చెరోవైపు ఫ్రోల్, లావ్ర్, కింద గుర్రాల కాపరులు. ఆ రోజు గుర్రానికి కాడి కట్టకూడదు. కడిగి, జూలులో రిబ్బన్లు కట్టి, గుడికి తీసుకెళ్తే ఫాదిరీ దీవెన నీళ్ళు చల్లేవాడు. మాస్కోలో జత్సేపా దగ్గర బండి తోలేవాళ్ళ పేటలో వాళ్ళ పేరు మీద గుడి ఉంది. నోరులేని జీవానికి కూడా ఏడాదిలో ఒక రోజు తనదని చెప్పుకోగలిగేది ఉండాలి అన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం. తేనెటీగల వాళ్ళకు జొసీమా, సవ్వాతీ. ఈ ఇద్దరూ 15వ శతాబ్దంలో శ్వేతసముద్రంలోని సొలోవ్కీ దీవుల మఠానికి ఆద్యులు. ఒకరి రోజున తేనెపెట్టెలు బయటికి తీస్తారు, ఇంకొకరి రోజున చలికాలానికి లోపల పెడతారు.

ఇక ఆడవాళ్ళ దగ్గరికి వస్తాను. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

పరస్కేవా అనే హతసాక్షి ఉంది. గ్రీకులో ఆ పేరుకు శుక్రవారం అనే అర్థం. రష్యాలో ఆమెను ప్యాత్నిత్సా, శుక్రవారమ్మ అని పిలిచారు. నవంబరు 10 ఆమె పండుగ. ఆ ఒక్కరోజుతో ఆగలేదు, ప్రతి శుక్రవారం ఆమెదే అయింది. శుక్రవారం నూలు వడకకూడదు, నార దువ్వకూడదు, బట్టలు ఉతకకూడదు. వడికితే ఆ కదురు ఆమె ఒంట్లో గుచ్చుకుంటుంది. దువ్విన నార దుమ్ము ఆమె కళ్ళలో పడుతుంది. ఒంటినిండా కదురు పోట్లతో శుక్రవారమ్మ ఊళ్ళు తిరుగుతుందని చెప్పుకునేవాళ్ళు. ఒక కథలో ఒకామె శుక్రవారం పూట అవిసె నార దువ్వుతూ కునుకు తీసింది. తెల్లబట్టల్లో శుక్రవారమ్మ వచ్చి, నేల మీది దుమ్మంతా ఎత్తి ఆమె కళ్ళలో పోసింది. లేచేసరికి చూపు లేదు. ఏడ్చి మొక్కుకుంటే రాత్రి మళ్ళీ వచ్చి ఆ దుమ్ము ఊది తీసేసింది.

రష్యా పల్లెలో చలికాలమంతా ఆడవాళ్ళ పని ఇదే. ఇంటిల్లిపాదికీ బట్ట వాళ్ళ వేళ్ళ నుంచే రావాలి. పొగచూరిన గదిలో, పుల్ల దీపం వెలుగులో, నార దుమ్ము మధ్య అర్ధరాత్రి దాకా వడికితే కళ్ళకు ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. శుక్రవారమ్మ ఒంటి మీది పోట్లు ఎవరి పోట్లో, ఆమె కళ్ళలోని దుమ్ము ఎవరి దుమ్మో ఆ ఆడవాళ్ళకు తెలుసు. ఒళ్ళు అలిసింది, ఈ పూట వడకను అని అత్తగారికి చెప్పగల కోడలు ఏ ఊళ్ళో ఉంది? శుక్రవారమ్మ కళ్ళలో దుమ్ము పడుతుందంటే అత్తగారు కూడా కదురు పక్కన పెడుతుంది.

పెద్దలకు ఇది నచ్చలేదు. 1551లో మాస్కోలో జరిగిన చర్చి మహాసభ దీన్ని ప్రత్యేకంగా ఎత్తి ఖండించింది. కొందరు జుట్టు విరబోసుకుని ఊళ్ళు తిరుగుతూ, మాకు పునీత శుక్రవారమ్మ, పునీత అనస్తాసియా కనిపించారు, బుధ, శుక్రవారాల్లో చేతిపని చేయొద్దన్నారు అని చెబుతున్నారని ఆ సభ ఫిర్యాదు. 1721లో పీటర్ చక్రవర్తి చర్చి నిబంధనావళిలో కూడా శుక్రవారమ్మ పేరున ఒక స్త్రీని జుట్టు విరబోయించి ఊరేగించే ఆచారాన్ని తప్పుపట్టారు. 170 ఏళ్ళ దూరంలో చర్చీ, రాజ్యమూ ఒకే ఆడమనిషి మీద విరుచుకుపడ్డాయి. ఆమె మాత్రం 19వ శతాబ్దం దాటినా పోలేదు. ఊటబావుల దగ్గర, నాలుగు దారుల కూడలిలోని చిన్న గుడుల దగ్గర ఆమెకు నారపీచు, ఉన్ని, తువ్వాళ్ళు సమర్పిస్తూనే ఉన్నారు. నోవ్‌గరద్ బజారులో వర్తకులు 1207లో ఆమెకు కట్టిన రాతి గుడి ఇప్పటికీ ఉంది. శుక్రవారం సంత రోజు కాబట్టి వర్తకులకూ ఆమే దిక్కు.

మరి ఫ్యాక్టరీ, వర్క్‌షాపు సంగతి? పునీతులు అక్కడికీ వచ్చారు. వర్క్‌షాపులో ఒక మూల పునీతుడి పటం, దాని ముందు దీపం ఉండేది. ఆ దీపం నూనెకు కార్మికులే జీతంలోంచి కొపెక్కులు వేసుకునేవాళ్ళు. మాస్కోలో దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు సెప్టెంబరులో దీపం వెలుగున పని మొదలుపెట్టే తొలి సాయంత్రం యజమాని వాళ్ళకు విందు ఇవ్వాలి. పొద్దు పొడవు తగ్గి పని గంటలు మాత్రం తగ్గని ఆ చలికాలానికి అది ముందుగా చెల్లించే బాకీ లాంటిది.

ఉరల్ కొండల ప్రాంతంలో గనులు, ఇనుప కర్మాగారాలు. అక్కడి జనం గుండెల్లో పెట్టుకున్న పునీతుడు వెర్హొతూర్యె సిమెయోన్, స్వయంగా దర్జీ. 17వ శతాబ్దంలో మెర్కుషినో అనే ఊరి చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి రైతులకు గొర్రెతోలు కోట్లు కుట్టేవాడు, తూరా నదిలో చేపలు పట్టుకునేవాడు. కోటు కాస్త కుట్టాల్సి ఉండగానే చెప్పకుండా వెళ్ళిపోయేవాడట. పని పూర్తయితే కూలి ఇస్తారు, పేదవాళ్ళ దగ్గర ఆ కూలి తీసుకోవడం ఇష్టం లేక. 1704లో ఆయన అవశేషాలను వెర్హొతూర్యె మఠానికి తెచ్చారు. అప్పటి నుంచి ఫ్యాక్టరీ ఊళ్ళ జనం కాలినడకన అక్కడికి యాత్ర పోయేవాళ్ళు. రాజుల్లో, బిషప్పుల్లో కాక సూది పట్టుకున్న వాడిలో పవిత్రతను చూశారు వాళ్ళు.

అయితే ఒక సంగతి దాచకూడదు. ఊరి గుడి పండుగ వస్తే మూడు నాలుగు రోజులు తాగుడు నడిచేది. ఊరికీ ఊరికీ మధ్య పిడిగుద్దుల కొట్లాటలు జరిగేవి, మనుషులు చచ్చిపోయిన సందర్భాలూ ఉన్నాయి. తాగొచ్చిన భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు ఆ పండుగ విశ్రాంతి కాదు. పండుగలు ఎక్కువైపోయాయని మిల్లు యజమానులు గొడవ పెట్టడానికి ఇదొక సాకుగా దొరికింది. తాగుడు నిజమే. కానీ యజమానుల దిగులంతా ఆగిన యంత్రాల గురించే.

1896 మేలో చక్రవర్తి రెండో నికొలాయ్ పట్టాభిషేకం జరిగింది. ఆ వేడుకకు పీటర్స్‌బర్గ్ మిల్లులు మూసేశారు, మూసిన రోజులకు కూలి ఇవ్వలేదు. నూలు మిల్లుల కార్మికులు వేల సంఖ్యలో సమ్మెకు దిగారు. మళ్ళీ పండుగ దగ్గరే నిప్పు. ఆ సమ్మెల ఒత్తిడితో 1897 జూన్ 2న చట్టం వచ్చింది: రోజుకు పదకొండున్నర గంటలకు మించి పని ఉండకూడదు, శనివారాలు, పండుగ ముందు రోజులు పది గంటలే. ఆదివారాలు కాక ఏడాదికి 14 పండుగలకు సెలవు. అప్పటిదాకా పునీతుల కోపం మీద ఆధారపడిన విశ్రాంతి ఫ్యాక్టరీ చట్టంలోకి వచ్చింది. ఆ జాబితాలో క్రిస్మస్ ఉంది, మంగళవార్త ఉంది. ఇల్యా లేడు. ఊరూరా ఉన్న గుడి పండుగలు లేవు. ఒరేహొవోలో నిప్పు రాజేసిన యోహాను పండుగ కూడా లేదు.

1917 విప్లవం తర్వాత కొత్త సోవియట్ ప్రభుత్వం ఈ పునీతులతో నేరుగా తలపడింది. ఇల్యా రోజుకు పోటీగా విద్యుత్తు దినం, పక్రోవ్‌కు పోటీగా పంటల దినం పెట్టారు. యేసు కొండ మీద వెలుగు రూపంలో కనిపించిన దివ్యరూపధారణ పండుగను 1929లో పారిశ్రామికీకరణ దినం చేశారు. ఉరుము ఇల్యా రథం కాదు, విద్యుత్తు అని ఊళ్ళో ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ మాట నిజమే, పిల్లలకు అది చెప్పాల్సిందే కూడా. కానీ అదే ఏడాది ఆదివారాన్నే ఎత్తేశారు. యంత్రాలు ఒక్క రోజు కూడా ఆగకూడదని అయిదు రోజుల వారం పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో రోజు సెలవు ఇచ్చారు. భర్తకు ఒక రోజు, భార్యకు ఇంకో రోజు, పిల్లల బడికి మరో రోజు. కార్మికుల పేరు మీద నడిచే ప్రభుత్వం కార్మికుల దగ్గర నుంచి అందరూ కలిసి ఖాళీగా ఉండే రోజును తీసుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. 1931లో దాన్ని సడలించి ఆరు రోజుల వారం చేశారు, 1940 జూన్‌లో గానీ మళ్ళీ ఏడు రోజుల వారం, ఆదివారం రాలేదు. కలెక్టివ్ ఫారాల్లో, అంటే సమష్టి వ్యవసాయ క్షేత్రాల్లో మాత్రం గుడి మూసేసినా, ఫాదిరీ లేకపోయినా, ఊరి పునీతుడి రోజున జనం పనికి రావడం లేదన్న ఫిర్యాదులు ఆగలేదు.

ఇప్పటి సంగతి. ఆగస్టు 2 రష్యాలో పారాచూట్ దళాల దినం కూడా. 1930లో ఆ రోజున వొరోనెష్ దగ్గర తొలి దళం విమానం నుంచి దూకింది. తేదీ కలిసింది కాబట్టి ఆకాశంలో రథం తోలే ఇల్యా వాళ్ళకు రక్షకుడయ్యాడు. అలాగే క్షిపణి దళాలు 1959 డిసెంబరు 17న ఏర్పడ్డాయి, అది పునీత వర్వారా రోజు. ఇప్పుడు ఆమె వాళ్ళ పునీతురాలు. పారాచూట్ సైనికులు ఆ రోజు ఊళ్ళోని ఫౌంటెన్లలో దిగి ఈత కొడతారు. ఊరి అమ్మమ్మలు మాత్రం ఇల్యా వెళ్ళాడు, ఇక నదిలోకి దిగొద్దు అని మనవలను ఇంకా కేకలేస్తూనే ఉన్నారు.

నా మాటలు ఇంతటితో ఆపుతాను. శుక్రవారమ్మ గురించి, యూరీ రోజు గురించి అడగాలనుకున్నవాళ్ళు ఇప్పుడు అడగవచ్చు.